అద్దం కట్టిన పట్టిక

మా బడిలో రసాయనశాస్త్రం చెప్పే టీచరుని పిల్లలు పట్టిక టీచరు అంటారు. ఎదురుగా కాదు, వెనకాల. ఎదురుగా అనే ధైర్యం ముప్పై ఒక్క ఏళ్లలో ఎవరికీ రాలేదు, నాతో సహా. నేను ఆవిడతోపాటే ఉద్యోగంలో చేరిన లెక్కల మాస్టారిని. స్టాఫ్‌రూములో కిటికీ పక్క కుర్చీ ఆవిడది, తలుపు పక్క కుర్చీ నాది. గాలీ వెలుతురూ ఆవిడకి, వచ్చేపోయేవాళ్ల మోచేతిపోట్లు నాకు. ఇంకో రెండు నెలల్లో ఆవిడ రిటైరవుతుంది, మరుసటి ఏడాది నేను.

ముందు ఆ పట్టిక సంగతి చెప్పాలి. చర్యావేగం అని ఒక పాఠం ఉంది. ఫొటోలు కడగడానికి వాడే హైపో ద్రావణంలో కాస్త ఆమ్లం పోస్తే, మంచినీళ్లలా ఉన్నది కాసేపటికి గంధకం పుట్టి పాలలా తెల్లబడుతుంది. ఫ్లాస్కు కింద కాగితం మీద ఇంటూ గుర్తు గీసి, పైనుంచి తొంగి చూస్తూ ఉండాలి. గుర్తు కనబడకుండా పోయిన క్షణాన స్టాప్‌వాచీ నొక్కాలి. హైపో చిక్కగా ఉంటే గుర్తు త్వరగా పోతుంది, నీళ్లు కలిపితే నెమ్మదిగా పోతుంది. అలా అయిదు రకాలుగా కలిపి అయిదుసార్లు చూడాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఆవిడ రెండు సెలవురోజులు ల్యాబులోనే కూర్చుని, ఈ ప్రయోగం నలభైసార్లు చేసి, సగటు తీసి, పట్టిక రాసింది. ఇరవై నాలుగు, ముప్పై, నలభై, అరవై, నూట ఇరవై. అన్నీ సెకన్లు. ఆ కాగితానికి అద్దం కట్టించి, ల్యాబులో సింకు పైన మేకుకి తగిలించింది.

ఒకే పనిని నలభైసార్లు చేసి చూసిన మనిషిని నేను ఇప్పటికీ మెచ్చుకుంటాను. పని బాగానే చేసింది. అద్దం కట్టించడం దగ్గరే వచ్చింది చిక్కంతా.

ఎందుకంటే పిల్లలు ఫ్లాస్కులోకి చూడడం మానేసి సింకు పైకి చూడడం మొదలుపెట్టారు. మరీ అచ్చంగా దింపితే దొరికిపోతామని ఒకడు ఇరవై అయిదు రాస్తాడు, ఒకతె యాభై తొమ్మిది రాస్తుంది. అన్న రికార్డు తమ్ముడికి, అక్క రికార్డు చెల్లికి. ఈ సంగతి నాకు తెలుసు, ల్యాబ్ అటెండరుకి తెలుసు, ఇదే బడిలో చదువుకుని ఇక్కడికే వచ్చిన హెడ్మాస్టరుకి ఇంకా బాగా తెలుసు. తెలియనిది ఆవిడ ఒక్కదానికే. పాఠం మొదలుపెట్టే రోజు బోర్డు మీద 'నిదానమే ప్రధానం' అని రాసేది. పిల్లలంతా నిదానంగా చూస్తున్నారని, అందుకే అంకెలు అంత చక్కగా కుదురుతున్నాయని ఆవిడ నమ్మకం. పిల్లి మెడలో గంట ఎవరు కడతారని మేమందరం ఊరుకున్నాం.

ఆవిడకి ఒక్కతే కూతురు. భర్త బస్సు డిపోలో గుమాస్తాగా చేసి మానుకున్నాడు, మితభాషి, ఈ కథలో ఆయనకి పనిలేదు. కూతురు మా బడిలోనే చదివింది. ఇంట్లో తొందరమ్మ అనేవారు. పాలు పొంగకముందే దించేస్తుందని, ఒక చెప్పు గుమ్మంలో వేసుకుని రెండోది గేటు దగ్గర వేసుకుంటుందని తల్లి పెట్టిన పేరది. లెక్కల్లో మాత్రం తొందరపడేది కాదు, ఆ మాట నేను సాక్ష్యం చెప్పగలను.

పద్దెనిమిదేళ్ల కిందట, చివరి ఏడాది ప్రాక్టికల్ పరీక్షలో ఆ అమ్మాయికి ఈ ప్రయోగమే వచ్చింది. అందరూ సింకు పైకి చూసి రాస్తే తను ఫ్లాస్కులోకి చూసి రాసింది. పందొమ్మిది, ఇరవై నాలుగు, ముప్పై రెండు, నలభై ఎనిమిది, తొంభై ఆరు. తల్లి ఆ అంకెలు చూసి, "అన్నీ తక్కువే. ఓపిక లేక ముందే నొక్కేశావు" అంది. ఎర్రసిరాతో అయిదింటినీ కొట్టేసి, పక్కన పట్టికలోవి రాసి, పదికి మూడు మార్కులు వేసింది.

"నేను నిజంగానే చూశానమ్మా" అంది పిల్ల. బడిలో అమ్మా అని పిలవకూడదని వాళ్లకో నియమం. ఆ ఒక్కరోజే తప్పింది.

"ఇక్కడ నేను నీకు అమ్మను కాను. వెళ్లి కూర్చో."

నేను పక్కనే ఉన్నాను, రెండో పరీక్షకుడిగా. మార్కులు కూడి సంతకం పెట్టింది నేనే.

పై చదువులో సైన్సు సీటు రెండు మార్కుల్లో పోయింది. రంగులన్నా రసాయనాలన్నా ప్రాణం పెట్టే పిల్ల కామర్సులో చేరి, అది మింగుడు పడక మధ్యలోనే మానేసి, ఒక కళ్లద్దాల షాపులో పనికి కుదిరింది. ఇప్పుడు ఆ షాపు తనే నడుపుతోంది. తల్లీకూతుళ్ల మధ్య గొడవలేం లేవు. వారానికోసారి వస్తుంది, కూరలు తరిగి పెడుతుంది, తల్లి ఏమన్నా "నువ్వు చెప్పిందే రైటమ్మా" అంటుంది. బడి గడప మాత్రం మళ్లీ తొక్కలేదు. ఎదురు తిరిగే కూతురితో ఎలాగోలా వేగవచ్చు గానీ, అన్నిటికీ ఒప్పేసుకునే కూతురితో వేగలేమని ఆవిడ ఒకసారి నాతో అంది. ఆ మాట అన్నాక చాలాసేపు రికార్డులు దిద్దుతూ కూర్చుంది.

జనానికి నచ్చింది మాత్రం వేరే. కన్నకూతురికే మార్కులు కోసిన టీచరు! కొత్తగా చేరిన ప్రతి టీచరుకీ హెడ్మాస్టరు చెప్పే మొదటి కథ ఇదే. ఆవిడ వీడ్కోలు సభలో ఉపన్యాసం నా వంతు పడింది. నేను కూడా మొదటి పేరా దీనితోనే రాసి పెట్టుకున్నాను. ఆవిడ పేరంతా ఆ ఎర్రసిరా మీదే నిలబడి ఉంది.

ఈ ఏడాది బడికి సెన్సర్లు వచ్చాయి. ఆరు అట్టపెట్టెలు, వాటిలో అగ్గిపెట్టెంత నల్లటి ముక్కలు, తీగలు, ఒక ల్యాప్‌టాప్, ఒక ప్రొజెక్టరు. వెలుతురుని కొలిచేది ఒకటి, వేడిని కొలిచేది ఒకటి, ఇంకేవేవో. ఏది కొలిచినా అప్పటికప్పుడు గోడ మీద గ్రాఫు గీస్తుంది. "వెళ్లిపోయే ముందు నాకెందుకీ తలనొప్పి" అని ఆవిడ రెండు రోజులు సణిగింది. మూడో రోజు పెట్టె విప్పింది. వారం తిరిగేసరికి కంప్యూటరు టీచరుకే తప్పులు దిద్దే స్థాయికి వచ్చింది.

మొదటి పాఠానికి నన్ను పిలిచింది. కంప్యూటరు టీచరు సెలవులో ఉందట, ల్యాప్‌టాప్ దగ్గర మీట నొక్కడానికి ఎవరైనా కావాలి. "లెక్కల మాస్టారికి గ్రాఫులు కొత్తా ఏంటి" అంది. పనిలో పనిగా నేనూ నేర్చుకోవచ్చని వెళ్లాను.

రెండు ఫ్లాస్కులు, ఒకే రకంగా కలిపినవి. ఒకటి దీపం పెట్టె మీద పెట్టి, పైన సెన్సరు వేలాడదీసింది. కిందనుంచి వెలుతురు ద్రావణంలోంచి పైకి వస్తుంది. ద్రావణం తెల్లబడేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, గోడ మీద గీత దిగుతుంది. రెండో ఫ్లాస్కు మామూలుగా ఇంటూ గుర్తు మీద, కంటితో చూడడానికి. పాఠం చాలా బాగా చెప్పింది, ఆ మాట ఒప్పుకోవాలి. "మన కన్ను చివరి క్షణం ఒక్కటే చెప్తుంది. ఇది దారంతా చూపిస్తుంది. చూడండి, మొదట గీత కదలదు. తర్వాత జారుడుబల్ల మీదినుంచి జారినట్టు జారుతుంది. ఆ జారుడు ఎంత నిటారుగా ఉంటే చర్య అంత వేగంగా జరుగుతున్నట్టు." నలభైమంది పిల్లలు నోళ్లు తెరుచుకుని గోడకేసి చూస్తున్నారు. నా పాఠానికి అలా ఎప్పుడూ చూడలేదు, కొంచెం కుళ్లుకున్నాను.

మొదటి మూడు మిశ్రమాల్లో తేడా కొద్ది సెకన్లే కాబట్టి ఎవరి కంటా పడలేదు, చిక్కు నాలుగోదాని దగ్గర వచ్చింది. గుర్తు చూసే పని మొదటి బెంచీ అమ్మాయికి అప్పగించారు, క్లాసులో ఫస్టు వచ్చే పిల్ల. ఆమ్లం పోశారు, నేను మీట నొక్కాను. ముప్పై సెకన్లు, నలభై. గీత జారింది. యాభై వచ్చేసరికి దాదాపు కిందికి చేరి నేలబారుగా పాకుతోంది. ఫ్లాస్కు మీదికి వంగిన పిల్ల మాత్రం కదలదు, మెదలదు. యాభై అయిదు. ఓరకంటితో ఒకసారి సింకు పైకి చూసింది. అరవై.

"పోయింది మేడమ్!"

క్లాసంతా ఘొల్లుమంది. వెనక బెంచీలోంచి ఎవరో, "గోడ మీద ఎప్పుడో పోయింది మేడమ్. ఇది ఇంకా దేన్ని చూస్తోంది?" అన్నారు.

ఇన్నేళ్లూ ఎవరి వాచీ వాళ్ల చేతిలో ఉండేది, ఎవరి అబద్ధం వాళ్ల రికార్డులో ఉండేది. గోడ మీద అందరి ముందూ గీత దిగుతూ ఉంటే అబద్ధానికి చోటెక్కడిది? ఆవిడ పిల్లల నోళ్లు మూయించి, ఆ అమ్మాయిని దగ్గరికి పిలిచింది.

"నిజం చెప్పు. ఎప్పుడు పోయింది?"

పిల్ల నీళ్లు నమిలింది. "నలభై ఎనిమిదో, తొమ్మిదో మేడమ్. కానీ పట్టికలో అరవై ఉంది కదా మేడమ్."

తిట్టలేదు. "వెళ్లు" అంది. బెల్లు కొట్టాక తలుపు మూసి, ముప్పై ఏళ్ల తర్వాత మొదటిసారి తనే ఆ గుర్తు మీదికి వంగింది. నలభై ఎనిమిది. మళ్లీ కలిపింది, నలభై ఎనిమిది. మూడోసారి నలభై ఏడు. ఇన్నేళ్లూ ఆవిడ దిద్దింది రికార్డుల్ని, చూసింది అంకెల్ని. గుర్తువైపు ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. చూడవలసిన అవసరం ఏముంది, అద్దంలో ఉంది కదా.

అప్పుడు మొదలైంది అనుమానం. ఆమ్లం గాఢత తప్పిందేమోనని అటెండరుని నిలదీసింది. "నా చేత్తో కలిపాను మేడమ్, అదే కొలత" అని అతను ఒట్టు పెట్టుకున్నాడు. వేడి ఎక్కువుందేమోనని థర్మామీటరు పెట్టింది. ముప్పై డిగ్రీలు, పట్టిక పైన రాసి ఉన్నదీ అదే. ఇక మిగిలింది ఒక్కటే అంది నాతో.

"నా చూపు మందగించింది మాస్టారూ. మసక కంటికి గుర్తు ముందే పోతుంది."

"మరి ఆ పిల్ల చూపు?"

"అది తొందరపడింది."

సెన్సరుకి కూడా తొందరేనా అని నాలిక చివరిదాకా వచ్చింది. మింగేశాను. సాయంత్రం కళ్లు చూపించుకోవడానికి ఆవిడ కూతురి షాపుకి బయల్దేరితే, నా కళ్లజోడు మర వదులైంది కాబట్టి నేనూ కూడా వెళ్లాను.

ఆ షాపు సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. అద్దాలు బాగా కుదురుతాయి, కానీ ఓపిక ఉండాలి. ముక్కు నుంచి కంటిపాప దాకా ఎంత దూరమో చిన్న స్కేలుతో ప్రతి మనిషికీ మూడుసార్లు కొలుస్తుంది ఆ అమ్మాయి. మూడూ కలిస్తేనే రాసుకుంటుంది. "నా ముక్కేమైనా పెరుగుతోందా అమ్మా" అని ఒకసారి నేనే వేళాకోళం చేశాను. నవ్వి, మూడోసారి కొలిచింది.

తల్లిని కుర్చీలో కూర్చోబెట్టి, ఒక్కొక్క అద్దమే మార్చి అక్షరాలు చదివించింది. లైటు వేసి కళ్లలోకి చూసింది. "పొర లేదు, మసక లేదు. దగ్గర చూపు పావు పాయింటు పెరిగింది, అంతేనమ్మా."

"సరిగ్గా చూడు. తొందరేం లేదు."

"మూడుసార్లు చూశానమ్మా."

"మరి గుర్తు నలభై ఎనిమిదికే ఎందుకు పోతోంది?"

స్కేలు పట్టుకున్న చెయ్యి ఆగింది. "ఎంతకి?"

"నలభై ఎనిమిది. నాలుగో దానికి."

అమ్మాయి స్కేలు మళ్లీ తల్లి ముక్కు మీద పెట్టి నాలుగోసారి కొలిచింది. కాగితం మీద అంకె రాసి, "నాలుగు రోజుల్లో అవుతాయమ్మా" అంది. నా కళ్లజోడు మర బిగించి, డబ్బులు వద్దంటూ చేతిలో పెట్టింది. నావైపు ఒక్కక్షణం చూసింది. ఆ చూపు నాకు అర్థమైంది, అర్థమైనందుకే తల దించుకున్నాను.

బస్టాపు దాకా నడుస్తూ ఆవిడకి చెప్పేశాను.

"మీరు కొట్టేసిన అంకెలు నాకు గుర్తున్నాయి. పందొమ్మిది, ఇరవై నాలుగు, ముప్పై రెండు, నలభై ఎనిమిది, తొంభై ఆరు. మీ పట్టికలో ప్రతి అంకెకీ అవి సరిగ్గా అయిదులో నాలుగు వంతులు. తొందరపడే చెయ్యి ఒకసారి రెండు సెకన్లు ముందు నొక్కుతుంది, ఒకసారి పది. అయిదింటినీ ఒకే వంతున తగ్గించడం తొందరకి చేతకాదు. చూసి రాస్తేనే అలా వస్తుంది."

"ఇది మీకెప్పుడు తట్టింది?"

"ఆ రోజే. మార్కులు కూడుతుంటే."

ఆవిడ నడక ఆపేసింది. "మరి ఆ రోజు మీ నోరేమైంది మాస్టారూ?"

తల్లీకూతుళ్ల మధ్య నేనెందుకని అనుకున్నాను. బెల్లయింది, టీ చల్లారిపోతోందని కూడా అనుకున్నాను. ఈ రెండో కారణం ఆవిడకి చెప్పలేదు, ఇక్కడ చెబుతున్నాను. సిగ్గుగానే ఉంది. ఆవిడ నాతో మాట్లాడకుండా బస్సెక్కి, ఖాళీ ఉన్నా నా పక్కన కూర్చోలేదు.

మర్నాడు పొద్దున్నే ల్యాబులో ఉంది. రాత్రంతా ఆలోచించినట్టుంది, కళ్ల కింద నలుపు. "అన్నిటినీ ఒకే వంతున తగ్గించేది ఏదో ఒకటి మారింది. అదేంటో కావాలి నాకు" అంది. సీసాలు, కొలజాడీలు, గరాట్లు, అన్నీ బల్ల మీద పరిచి అటెండరుని ఒక్కొక్కదాని పుట్టుపూర్వోత్తరాలూ అడుగుతోంది. ఫ్లాస్కుల దగ్గరికి వచ్చేసరికి అతను తాపీగా అన్నాడు.

"ఇవి మొదటివి కాదు కదా మేడమ్. చెమ్మకి అలమార కూలి పాతవన్నీ పోయాయి. తర్వాత తెప్పించినవి ఇవి. వాటికి అడుగు ఇంకా వెడల్పు."

"ఎప్పుడు కూలింది?"

అతను వేళ్ల మీద లెక్కపెట్టాడు. "మన అమ్మాయిగారు చివరి క్లాసుకి వచ్చిన ఏడాదే."

ఆవిడ స్టూలు మీద కూర్చుండిపోయింది. నాకూ అప్పుడే వెలిగింది. అడుగు వెడల్పుగా ఉంటే అదే ద్రావణం పలచగా పరుచుకుంటుంది, ఇరుకుగా ఉంటే లోతుగా నిలుస్తుంది. లోతు ఎక్కువైతే గుర్తు ముందే మునిగిపోతుంది. పట్టిక పాత ఫ్లాస్కులది. ఆ ఫ్లాస్కులు పోయాక, ఈ పద్దెనిమిదేళ్లలో ఎవరు నిజంగా చూసినా ఆ అంకెలు రావడానికి వీల్లేదు. అయినా వందలమందికి వచ్చాయి. రానిది ఒక్కతెకే, ఆవిడ కన్నబిడ్డకే.

"పాతది ఒక్కటైనా మిగల్లేదా?" అంది చివరికి.

అటెండరు ఆశ్చర్యపోయాడు. "మీ కిటికీలో దాన్లోనే మొక్క పెట్టుకున్నారు కదా మేడమ్!"

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. స్టాఫ్‌రూములో ఆవిడ కుర్చీ పక్కన కిటికీలో నీళ్లలో పెరిగే తీగమొక్క ఒకటుంది. రోజూ నీళ్లు మార్చేది ఆవిడే. మొక్కని ప్లాస్టిక్ మగ్గులోకి మార్చి, ఫ్లాస్కుకి అంటిన పాచి వదిలేదాకా కడిగారు. ద్రావణం పోసి స్కేలు పెట్టి చూశాను. పాతదాంట్లో పదహారు మిల్లీమీటర్లు, కొత్తదాంట్లో ఇరవై. అయిదులో నాలుగు వంతులు. లెక్కల మాస్టారిగా నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది, ఆవిడ ముఖం చూసి ఆగాను. సెన్సరు కింద ఒకదాని తర్వాత ఒకటి పెట్టింది. గోడ మీద రెండు గీతలు, ఒకటి ముందు జారింది, ఒకటి వెనక. కంటితో చూస్తే పాతదాంట్లో గుర్తు సరిగ్గా అరవైకి పోయింది. పట్టిక నిజమే. పిల్ల రాసిందీ నిజమే.

"ఇప్పుడు ఏం చేస్తారు?" అన్నాను. ఎవరికీ చెప్పకుండా ఊరుకోవచ్చు. రెండు నెలలు కళ్లు మూసుకుంటే సభ జరుగుతుంది, దండ పడుతుంది, నిజాయితీకి మారుపేరు అని హెడ్మాస్టరు అంటాడు. ఇదంతా నేను పైకే అన్నాను. ఆవిడ ల్యాబులోంచే కూతురికి ఫోను చేసి, "నాకు తీరిక లేదు, అద్దాలు బడికే తెచ్చివ్వు" అంది. అటువైపునుంచి "సరేనమ్మా" అని వినబడింది.

నాలుగో రోజు మూడో పీరియడులో వచ్చింది. ల్యాబు గుమ్మం బయట ఆగిపోయి, సంచీ రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. లోపల నలభైమంది పిల్లలు, ల్యాప్‌టాప్ దగ్గర నేను.

"లోపలికి రా" అంది తల్లి. "ఇలా కూర్చుని ఈ గుర్తు చూడు. పోయినప్పుడు చెప్పు."

గోడ ఆ అమ్మాయి వీపు వెనక ఉంది. చేతికి వాచీ లేదు. సింకు పైన మేకు ఒక్కటే ఉంది, పట్టిక లేదు. ఆమ్లం పోశారు. క్లాసు గోడకేసి చూస్తోంది, తల్లి కూతురికేసి చూస్తోంది.

"ఇప్పుడు" అంది అమ్మాయి.

నేను మీట నొక్కాను. గీత మీద చుక్క పడింది, పక్కన అంకె. నలభై ఎనిమిది.

తల్లి బల్ల సొరుగులోంచి అట్ట ఊడిన పాత రికార్డు ఒకటి తీసింది. ఇంట్లో ఇన్నేళ్లూ ఎక్కడ దాచిందో మరి. పేజీ తిప్పి పిల్లలకి చూపించింది. "ఇది పద్దెనిమిదేళ్ల కిందటి రికార్డు. రాసిన అమ్మాయి చూసింది చూసినట్టు రాసింది. ఎర్రసిరాతో కొట్టేసింది నేను. ఫ్లాస్కు మారిన సంగతి నేను పట్టించుకోలేదు. పిల్ల మాట నమ్మలేదు. తప్పు నాది." గొంతు ఎక్కడా తడబడలేదు. పాఠం చెప్పినట్టే చెప్పింది.

మొదటి బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "మరి మిగతావాళ్లందరికీ అరవై ఎలా వచ్చింది మేడమ్?"

"నీకెలా వచ్చిందో వాళ్లకీ అలాగే."

క్లాసు నవ్వింది. నేనూ నవ్వబోయి మానుకున్నాను. ఆ రికార్డు అడుగున నా సంతకం కూడా ఉంది.

కూతురు రికార్డు చేతిలోకి తీసుకుని ఎర్రగీతల మీద వేలు పెట్టి చూసింది. "నువ్వు కొట్టేసినందుకు నాకు కోపం రాలేదమ్మా" అంది మెల్లగా. "నేను నిజంగానే తొందరపడ్డానేమో అనుకున్నా. నువ్వు చెప్పావు కదా. అప్పట్నుంచీ నా కంటి మీద నాకే నమ్మకం పోయింది. అందుకే షాపులో ఎవరికైనా మూడుసార్లు కొలుస్తా."

తల్లి నిలబడే ఉంది, కానీ బల్ల అంచు పట్టుకుంది. ఆ మూడుసార్ల మీద నేను చేసిన వేళాకోళం నాకు గుర్తొచ్చింది. ఆ సాయంత్రమే ఉపన్యాసంలో మొదటి పేరా కొట్టేశాను.

"రా, అద్దాలు పెట్టి చూస్తాను" అంది అమ్మాయి. తల్లిని స్టూలు మీద కూర్చోబెట్టింది. కళ్లజోడు పెట్టి, చెవుల వెనక కాడలు సరిచేసి, స్కేలు తీసి ముక్కు మీద ఆనించి కంటిపాప దాకా కొలిచింది. పిల్లలతోపాటు నేనూ చూస్తున్నాను, రెండోసారి కోసం.

"సరిపోయిందమ్మా" అని స్కేలు సంచీలో వేసుకుంది.